వాయిదాకి రాని పెద్దమనుషులు

పోయిన నెల గురజాలలో ఒక సంతాప సభకి వెళ్ళాను. చనిపోయినాయన నాతోపాటు కోర్టులో పనిచేసినవాడు. నేను అక్కడ టైపిస్టుని. ఆయన సమన్లు పట్టుకుని ఊళ్ళమ్మట తిరిగే బంట్రోతు. వేదిక మీద కూర్చున్న నలుగురిలో ఒక పెద్దాయన లేచి, గొంతు సవరించుకుని, "ఎనభైల్లో వారి చెల్లెలికి గుండెజబ్బు చేస్తే మన ఊరు ఊరంతా ఆమె కోసం పరుగు తీసింది. ఆ కృతజ్ఞత కడదాకా ఆయన కళ్ళల్లో చూశాను" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. సంతాప సభలో చప్పట్లు!

నాకు ఒళ్ళు మండిపోయింది. పరుగు తీసింది ఆయన. ఊరు కూర్చుని చూసింది. చూసినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టే ఇది రాస్తున్నాను. ఇక కృతజ్ఞతంటారా, ఆయన కళ్ళల్లో నేను చాలా చూశాను గానీ అదొక్కటి చూడలేదు. ఎవరికి చూపించాలి, ఎందుకు చూపించాలి?

ఆయన్ని కోర్టులో అందరం భాయ్ అనేవాళ్ళం. అప్పటికి నలభై దాటి ఉంటాయి. ఎండకి కమిలిపోయిన సన్నటి మనిషి. పిక్కలు మాత్రం ఇంకెవరివో తెచ్చి పెట్టినట్టు గట్టిగా ఉండేవి. చెప్పులు కాళ్ళకి ఉండేవి కావు, చంకలో ఉండేవి. ఊరి పొలిమేరలో ఆగి, కాళ్ళు దులుపుకుని, చెప్పులు తొడుక్కుని ఊళ్ళోకి అడుగు పెట్టేవాడు. "కోర్టు కాయితం పట్టుకుని వట్టి కాళ్ళతో పోతే బాగోదు" అనేవాడు. మరి దారిలో ఎందుకు తొడుక్కోవంటే, "దారికి కోర్టుతో పనేంది?" అనేవాడు.

దేనికోసమైనా ఆగడం ఆయనకు చేతకాదు. దూరపు ఊళ్ళకి బస్సులో పోక తప్పదు కదా, అప్పుడు కూడా బస్టాండులో కూర్చునేవాడు కాదు. బస్సు వచ్చే దారినే ముందుగా నడుచుకుంటూ పోయేవాడు. బస్సు వెనకనుంచి వచ్చి, ఆయన్ని పట్టుకుని, ఎక్కించుకోవాలి. డ్రైవర్లందరికీ ఈ సంగతి తెలుసు. ఒక్కోసారి బస్సు రానే రాదు. అప్పుడు ఊరికి నడిచే చేరేవాడు. చేరి, రాని బస్సుని ఆ ఊళ్ళో వాళ్ళ ముందు తిట్టేవాడు.

మామూలుగా మాట్లాడినా కొట్లాడుతున్నట్టే ఉండేది ఆయన మాట. కొత్తలో నాకు భయం వేసేది. మా అమ్మమ్మ ఊరు మాచవరం దగ్గర. ఒకసారి సెలవుకి అక్కడికి పోయినప్పుడు ఆయన్ని ఆ ఊళ్ళో చూశాక భయం పోయింది. ఎదురింటి అరుగు మీద ఒక విధవరాలు కూర్చుని ఉంది. మిరప చేను గట్టు దగ్గర తగాదా, మరిది ఆమె మీద దావా వేశాడు. ఆయన నిలబడి కాగితం చదువుతున్నాడు.

"నాకు చదువు రాదు సాయిబూ" అంది ఆమె.

"రాదనే గదా చెప్తన్నా. ఇను." మళ్ళీ చదివాడు. మూడోసారి కూడా చదివి, "ఇప్పుడు నువ్వు చెప్పు. ఎప్పుడు రావాల?" అన్నాడు.

"శివరాత్రి పోయిన మూడో సోమారం."

"ఎన్నింటికి?"

"పది గంటలకి."

"రాకపోతే?"

"నా చేను పోద్ది."

"ఆఁ. ఇప్పుడు ఎయ్ ఏలిముద్ర."

ఆమె వేలిముద్ర వేసి, "ఎంత ఎండలో వచ్చావో పాపం, మజ్జిగ తాగిపో" అంది. అంతే, ఆయన గయ్యిమన్నాడు. "మజ్జిగ ఇస్తే ఇయ్యి. పాపం అనబాక. నేనేం పాపం చేశా?" మజ్జిగ మాత్రం రెండు గ్లాసులు తాగాడు.

ఆ మాటంటే ఆయనకు ఎందుకంత మంటో నాకు తర్వాత తెలిసింది. ఆయన ఇంటికి వచ్చినవాళ్ళందరూ గుమ్మంలోనే ఆ మాట అనేవాళ్ళు.

తల్లీ తండ్రీ లేరు. ఆయనా, చెల్లెలు మెహరున్నీసా, ఇద్దరే. ఆయన కంటే ఇరవై ఏళ్ళు చిన్నది. ఆ పిల్లను పెంచడంలో పడి ఆయన పెళ్ళి మాటే ఎత్తలేదు. నాపరాళ్ళ కప్పు వేసిన రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని మెహర్ జాకెట్లు కుట్టేది. నావన్నీ ఆమే కుట్టేది. చేతికి పైపింగు వేస్తూ వేస్తూ మధ్యలో ఆగిపోయేది. మిషను చక్రం మీద చెయ్యి పెట్టి, నోటితో గాలి తీసుకుని, నా వైపు చూసి నవ్వి, మళ్ళీ తొక్కేది. చిన్నప్పుడు కీళ్ళు వాచి జ్వరాలు వచ్చాయట. అవి గుండెను పట్టుకున్నాయి. రాత్రిళ్ళు పడుకుంటే ఊపిరాడదని, ట్రంకుపెట్టెకి దిండ్లు ఆనించుకుని కూర్చునే నిద్రపోయేది. గుంటూరు డాక్టరు చూసి, గుండెలో ఒక కవాటం సన్నబడిపోయింది, మద్రాసు తీసుకుపోయి దాన్ని తెరిపించాలి, వానాకాలం దాకా ఆగొద్దు అన్నాడు.

అప్పుడు సలహా ఇచ్చింది నేనే. ఊళ్ళో పెద్దమనుషుల క్లబ్బు ఒకటుండేది. కళ్ళజోళ్ళు పంచేవాళ్ళు, పలకలు పంచేవాళ్ళు, ప్రతిదానికీ ఫోటో దిగేవాళ్ళు. పత్తిమిల్లు యజమాని దానికి ప్రెసిడెంటు. వాళ్ళకి అర్జీ పెడదామన్నాను. తెలుగు మిషను మీద నేనే టైపు చేశాను. ఆయన నా పక్కన నిలబడి, "చదువు" అన్నాడు. చదివాను. "నిరుపేద, నిస్సహాయురాలు అయిన యువతి" అన్న చోట ఆపాడు.

"నిస్సహాయురాలంటే ఏంది?"

"సాయం చేసేవాళ్ళు ఎవరూ లేనిదని."

"నేను లేనా?"

నేను ఆ మాట మీద ఇంటూ గుర్తులు కొట్టేశాను. ఆయన వంగి, అన్ని అక్షరాలూ కనబడకుండా పోయాయో లేదో చూసుకున్నాడు.

ప్రెసిడెంటు గారు మమ్మల్ని మిల్లు ఆఫీసుకి పిలిపించారు. అర్జీ చదివి, "ఊరికే ఇవ్వమంటే జనం ఇవ్వరమ్మా. ఏదన్నా చూపించాలి" అన్నారు. అన్నీ ఆయనే ఆలోచించి పెట్టుకున్నారు. పెద్ద పట్టణాల్లో చేస్తున్నట్టు పరుగు పందెం పెడతారు. హైస్కూలు మైదానం నుంచి దాచేపల్లి రోడ్డు మీద అయిదు కిలోమీటర్లు పోయి, తిరిగి రావాలి. పరుగు పూర్తి చేసిన ఒక్కొక్కరి పేరు మీదా ఒక్కో షాపు వాళ్ళు విరాళం ఇస్తారు. అన్న కూడా పరుగెత్తాలి. చెల్లెలు వేదిక మీద కూర్చోవాలి.

"పరిగెత్తేదానికేంది, ఎంత దూరమన్నా పరిగెత్తుతా" అన్నాడు భాయ్. "ఆ పిల్ల ఎందుకండీ ఆడ కూకోటం?"

"జనం చూడాలి కదయ్యా."

భాయ్ కింది పెదవి కొరుక్కున్నాడు. "ఎంతసేపు?"

"ఆరింటికి మొదలు. ఏడున్నరకల్లా అయిపోద్ది. ఎండెక్కేసరికి మీ ఇంట్లో మీరుంటారు."

"ఆరింటికేగా?"

"ఆరింటికేనయ్యా."

ఆ విధవరాలి చేత చెప్పించినట్టే ఈయన చేత కూడా మళ్ళీ చెప్పించాడు. వేలిముద్ర ఒక్కటి వేయించుకోలేదు.

వారం తిరక్కుండానే కరపత్రాలు వచ్చాయి. "నిస్సహాయ యువతిని ఆదుకోండి" అని ఎర్ర అక్షరాల్లో, పైన ప్రెసిడెంటు గారి ఫోటో. భాయ్ కోర్టు గోడ మీదది చించాడు, బస్టాండులోది చించాడు. మెహర్ అప్పటికే ఒకటి చదివేసింది. కిరాణా కొట్టు వాడు బెల్లం దాంట్లోనే పొట్లం కట్టిచ్చాడు.

మార్చి ఆఖరు ఆదివారం. ఆరింటికి పావుగంట ముందే మెహర్‌నీ నన్నూ రిక్షాలో ఎక్కించి, తను పక్కన నడుచుకుంటూ మైదానానికి తీసుకొచ్చాడు భాయ్. ముప్పై మంది దాకా వచ్చారు పరుగెత్తడానికి. కాలేజీ కుర్రాళ్ళు, ఇద్దరు కానిస్టేబుళ్ళు, నాపరాళ్ళ క్వారీలో పనిచేసేవాళ్ళు కొందరు. వాళ్ళ మీద నాకే కోపమూ లేదు. టైముకి వచ్చింది వాళ్ళే.

వేదిక వెనక భాగంలో షామియానా, దాని కింద మెత్తటి కుర్చీలు. అవి పెద్దలవి, ఖాళీగా ఉన్నాయి. ముందు భాగంలో, షామియానా నీడ అందని చోట ఒక ఇనప కుర్చీ. అది మెహర్‌కి. జనానికి బాగా కనపడాలని అక్కడ వేశారట. నన్ను మెట్ల పక్కన బల్ల మీద కూర్చోమన్నారు.

ఆరయింది. ముఖ్య అతిథి గుంటూరులో బయల్దేరుతున్నారన్నారు. ఏడయింది, బయల్దేరారన్నారు. ఎనిమిదింటికి దారిలో ఎక్కడో టిఫిను చేస్తున్నారన్నారు. మైకులో రికార్డులు మోగుతూనే ఉన్నాయి. భాయ్ మూడుసార్లు వచ్చి, "మొదలెట్టండయ్యా, ఆయన వచ్చినప్పుడు వస్తాడు" అన్నాడు. మూడుసార్లూ, "ఆయన జెండా ఊపకుండా ఎట్లాగయ్యా?" అన్నారు. పల్నాడు ఎండ సంగతి తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. తొమ్మిదింటికే వేదిక చెక్కలు చెయ్యి పెడితే చురుక్కుమంటున్నాయి.

పది దాటాక కారు వచ్చింది. దండలు వేశారు, దీపం వెలిగించారు, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. ఒకాయన మెహర్ మీదకి చెయ్యి చాపి, "ఈ అభాగ్యురాలిని చూడండి! ఎన్నాళ్ళుంటుందో తెలియదు!" అన్నాడు. జనం మెడలు చాచి చూశారు. ఆ పిల్ల తల దించుకుంది. చీర అంచు ఒళ్ళోకి తీసుకుని, కుట్లు సరిగ్గా పడ్డాయో లేదో చూస్తున్నట్టు, గోటితో తడుముకుంటూ పోయింది ఈ చివరి నుంచి ఆ చివరికి. అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి.

పదకొండింటికి జెండా ఊపారు. ఫోటో కోసం భాయ్‌కి కొత్త కాన్వాసు బూట్లు తొడిగారు. మైదానం గేటు దాటాక ఆయన వాటిని విప్పి గోడ మీద పెట్టి వట్టి కాళ్ళతో పరుగెత్తాడట. తర్వాత కానిస్టేబుల్ చెప్పాడు.

వాళ్ళు వెళ్ళిన కాసేపటికి మెహర్ పెదవులు నీలంగా మారాయి. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని ముందుకు వంగి, నోటితో ఊపిరి తీసుకుంటోంది. నేను లేచి ప్రెసిడెంటు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన షామియానా కింద ముఖ్య అతిథికి గోల్డ్‌స్పాట్ సీసా అందిస్తున్నారు.

"ఆ అమ్మాయికి బాగోలేదండీ. బడి వరండాలోకి తీసుకుపోతాను" అన్నాను.

"ఇంకో అరగంట ఓపిక పట్టమ్మా. వాళ్ళు తిరిగొచ్చాక ఫోటో ఉంది."

"ఆయాసం వస్తోందండీ."

"పేషెంటన్నాక ఆయాసం రాదా? ఆ పిల్లను లోపల కూర్చోపెడితే నేను దేన్ని చూపించి అడగాలి విరాళం?"

నవ్వుతూనే అన్నారు. నేను వెనక్కి వచ్చి నా బల్ల మీద కూర్చున్నాను. ఇప్పటికీ ఈ వాక్యం రాయబుద్ధి కాదు, అయినా రాస్తాను. నాకు ఇరవై అయిదేళ్ళు, ఉద్యోగం ఉంది, నోరు ఉంది. వెళ్ళి కూర్చున్నాను.

ఎండకి సగం మందికి పైగా దారిలోనే లారీ ఎక్కేశారు. పరుగెత్తుకుంటూ గేటులోకి వచ్చినవాళ్ళు ఎనిమిది మందో తొమ్మిది మందో. భాయ్ మూడోవాడు. బ్యాండు అందుకుంది. గెలుపు గీత దగ్గర రిబ్బను పట్టుకుని ఇద్దరు నిలబడ్డారు. ముందు వచ్చిన ఇద్దర్నీ తెంచనివ్వలేదు, పక్కనుంచి పొమ్మన్నారు. అది అన్న తెంచాలి, అప్పుడు ఫోటో. ముఖ్య అతిథి దండ పట్టుకుని లేచారు.

భాయ్ రిబ్బను దాకా వచ్చి తల ఎత్తాడు. చెల్లెల్ని చూశాడు. రిబ్బను కింద నుంచి దూరి, ఆగకుండా, మెట్లెక్కి వేదిక మీదకి వచ్చేశాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది, కాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి. దండ పట్టుకున్నాయన్ని ఆయన అసలు చూడనే లేదు. మెహర్‌ని కుర్చీతో సహా ఎత్తాడు. అలాగే మెట్లు దిగి, మైదానం దాటి, బడి వరండాలో నీడన దింపాడు. బ్యాండు వాళ్ళు ఆపాలో వాయించాలో తెలియక వాయిస్తూనే ఉన్నారు. నేను పరుగెత్తుకెళ్ళి ఆమె మొహం మీద నీళ్ళు చల్లి, పైటతో విసురుతూ కూర్చున్నాను. కొంచెం తేరుకుంది.

ఆయన తిరిగి వేదిక ఎక్కాడు. మైకు ముందుకు వెళ్ళాడు. కేకలు వేస్తాడనుకున్నాను. జీవితంలో ఆయన మెల్లగా మాట్లాడటం అదే మొదటిసారి విన్నాను.

"ఆరింటికన్నారు. మేం అయిదూ ముప్పావుకే వచ్చినాం. మీరు రాలా. మా కోర్టులో వాయిదాకి రానోళ్ళ కేసు కొట్టేస్తారు." ఊపిరి తీసుకున్నాడు. "మీ కేసు కొట్టేశా."

దిగి వచ్చి, చెల్లెల్ని రిక్షా ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. ఆమె చెప్పులు వేదిక దగ్గరే ఉండిపోయాయి. అవి పట్టుకుని నేను వెనక నడిచాను. ఆ రోజు మొత్తంలో నేను చేసింది ఆ నీళ్ళు చల్లడం, ఈ చెప్పులు మోయడం.

ఊరంతా ఆమె కోసం పరుగెత్తిందట! మర్నాటి నుంచి ఊరంతా ఆయన పొగరు గురించే మాట్లాడింది. బీదవాడికి అంత రోషం ఎందుకన్నారు. చెల్లెలి ప్రాణం కంటే పంతం ఎక్కువయిందన్నారు. టీ కొట్టు దగ్గర అన్నారు, కోర్టు వరండాలో అన్నారు. ఆరింటికి రావాల్సిన మనిషి పదింటికి ఎందుకు వచ్చాడని ఒక్కడంటే ఒక్కడు అనలేదు. ఒక్క క్షమాపణ చెబితే చెక్కు ఇచ్చేస్తామని క్లబ్బు వాళ్ళు కబురు పెట్టారు. ఆ కబురు మోసుకుని పోయింది కూడా నేనే. నిజం చెప్పాలంటే, ఆయన మీద నాకూ కోపంగానే ఉంది. పరువు పోతే పోయింది, ఆ పిల్ల బతకాలి కదా అనిపించింది.

నేను వెళ్ళేసరికి భాయ్ ఇంట్లో లేడు. మెహర్ మిషను దగ్గర ఉంది. నేను చెప్పింది విని, చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది.

"భయ్యా పోతాననే అన్నాడక్కా. నిన్న చొక్కా కూడా ఏసుకున్నాడు, కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటానన్నాడు. నేనే పోనియ్యలా."

"ఎందుకే?"

"ఎన్నాళ్ళుంటానో తెలవదన్నారుగా మైకులో. ఉన్నన్నాళ్ళన్నా ఆ కుర్చీలో కూకున్నట్టు ఉండకూడదు నేను."

ఊళ్ళో అందరూ ఆయన పొగరనుకుంటున్నది ఈ పిల్ల మాట. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. పొగరుబోతన్న పేరు తనే మోశాడు.

కుట్టుమిషను అమ్మేశారు. వానలు పడకముందే ఇద్దరూ మద్రాసు వెళ్ళారు. అక్కడి ధర్మాసుపత్రిలో పేదలకు ఊరికే చేస్తారు గానీ పెద్ద వరస ఉంటుంది. నెల తర్వాత నాకు ఒక కార్డు వచ్చింది. "ఇక్కడ అందరికీ వరస ఉంది. మా వరస వచ్చేదాకా వరండాలో కూర్చుని ఉన్నాము. ఎవరూ ముందు పోవడం లేదు. సెలవు పొడిగించమని చెప్పగలవు." నేను ఆ కార్డు చాలాసేపు చూశాను. బస్సు కోసం నిలబడలేని మనిషి. న్యాయంగా ఉంటే ఎన్ని రోజులైనా కూర్చోగలడన్నమాట.

ఇక్కడ క్లబ్బు వాళ్ళు, పుచ్చుకోవాల్సినవాళ్ళే వద్దన్నారు కాబట్టి, పోగైన విరాళాలతో ఊరి మొగలో స్వాగత ద్వారం కట్టించారు. మెహర్ పేరు చెప్పి అడిగిన డబ్బు. దాని మీద ప్రెసిడెంటు గారి పేరుంది. భాయ్ రిటైరయ్యేదాకా ఆ ద్వారం కింద నుంచి ఒక్కసారి కూడా నడవలేదు. పక్కన మురిక్కాలవ మీద రెండు నాపరాళ్ళు తనే తెచ్చి వేసుకుని, వాటి మీదుగా పోయేవాడు. కృతజ్ఞతట!

ఆపరేషను బాగా జరిగింది. దీపావళి ముందు ఇంటికి వచ్చారు. ఆదివారం సాయంత్రం చూడటానికి వెళ్ళాను. భాయ్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. మెహర్ ఇంట్లో లేదు. ఎన్నో నెలలుగా లోపల దాచుకున్న మాట అప్పుడు చెప్పాను.

"ఆ రోజు నేను గట్టిగా మాట్లాడాల్సింది భాయ్. లేచి ఆ పిల్లను నీడకి తీసుకుపోవాల్సింది."

పర్లేదులేమ్మా అంటాడనుకున్నాను. ఎవరైనా అలాగే అంటారు.

"అవును, చెయ్యాల్సింది" అన్నాడాయన. "నీకు చదువుంది. నువ్వంటే ఇని ఉండేవాళ్ళేమో. అనలా నువ్వు."

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన చూశాడు, కానీ మాట వెనక్కి తీసుకోలేదు. "ఉండు, టీ తాగిపో" అన్నాడు. ఇన్నేళ్ళలో నన్ను ఓదార్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. నాతో నిజం చెప్పి టీ ఇచ్చినవాడు ఆయనొక్కడే.

ఇంతలో మెహర్ వచ్చింది. బోరింగు దగ్గర నుంచి, చంకలో నిండు బిందెతో. భాయ్ మంచం మీద నుంచి ఎగిరి లేచాడు.

"ఒసేయ్, దించు దాన్ని! డాక్టరు ఏం చెప్పాడే నీకు?"

"మూడు నెలలు బరువు ఎత్తొద్దన్నాడు. నిన్నటితో అయిపోయినయ్" అంది. ఆగలేదు.

"అయితే మాత్రం నిండా పట్టుకొస్తావా? సగం తేలేవూ?"

"సగం తెస్తే రెండుసార్లు పోవాల గదా భయ్యా."

గడప దాటి లోపలికి పోయింది. బిందె దించిన చప్పుడు వినబడింది. ఆ వెంటనే, ఆయాసం లేని గొంతుతో, "అక్కా, పంచదార ఎక్కువెయ్యనా?" అని కేకేసింది.

భాయ్ నోరు తెరిచి నా వైపు చూశాడు. ఎవర్నో ఒకర్ని తిడదామనే తెరిచాడు. ఎంతసేపు వెతికినా ఎవరూ దొరకలేదు.